జీపుకి కప్పిన బొంత

"బండి ఓపాలి తిప్పినావేటే?" అని అడిగేడు మావ, నా మొగుడు.

"నేదు. సస్తే సావనీ నీ బండి," అన్నాను.

మా ఇద్దరికీ ఆఖరి మాటలు అవే. ఆటో అప్పటికే వాకిట్లో ఉంది. టెక్కలి ఆస్పత్రికి చేరకముందే మావ తల నా భుజం మీద వాలిపోయింది.

మాజీ సైనికులందరూ కలిసి పుస్తకం వేస్తన్నారట. ఒక్కొక్కరూ ఒక్కో డ్యూటీ గురించి చెప్పాలట. మా ఆయన లేడు కదా, నువ్వే చెప్పు అని నౌపడ నుంచి వైర్‌లెస్ ఆయన కబురంపేడు. మావతో పాటు మంచుకొండ మీద మిలట్రీ పోస్టులో రేడియో చూసిన మనిషి ఆయన. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తన్నాను, మా మరిది కూతురు సుజాత రాస్తంది. మంచుని నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ కొండ నాకు మా జీడితోట కన్నా బాగా తెలుసు. మావ అన్నిసార్లు చెప్పేడు.

పోస్టుకి అక్టోబరు నెలాఖరున చేరేడు. కింద క్యాంపు నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు. దారికి ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. మూడు బంకర్లు, తొమ్మిది మంది, ఒక డీజిల్ జీపు. ఆ జీపుకి మావ డ్రైవరు. వాళ్లిచ్చిన సామాను: రెండు కోట్లు, నాలుగు జతల మేజోళ్లు, మంచు బూట్లు, నల్ల కళ్లద్దాలు. వాళ్లివ్వనిది ఒకటి మావ ఇంటి నుంచి పట్టుకెళ్లేడు. నేను కుట్టిన బొంత. లోపల ఆరు పాతచీరలు, పైన నా పెళ్లిచీర. అప్పట్లో పలాసలో జీడిపిక్కల పనికెళ్లేదాన్ని. వేళ్లకి జీడి నలుపు వదిలేది కాదు. బొంతకీ ఆ వాసనే పట్టింది.

మొదటి రోజు మావ తప్పు చేసేడు. అక్కుపల్లి రేవులో చేపల వ్యాను వదిలేసినట్టు జీపుని అలాగే బయట వదిలేసేడు. పొద్దున్న ఆరింటికి తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. బ్యాటరీ చచ్చిపోయింది. సుబేదారు వచ్చి తిట్టేడట. హిందీ తిట్టు, మావ మన మాటలోకి తెచ్చి చెప్పేవాడు.

"ఇది మీ సముద్రం ఒడ్డనుకున్నావేటిరా? ఇక్కడ బ్యాటరీ కూడా మనిషే. పక్కలో ఎట్టుకుని పడుకో."

పక్కలోనే పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం అయిదింటికి బ్యాటరీ విప్పి, బంకరులో కిరసనాయిలు పొయ్యి దగ్గరకి మోసుకొచ్చేవాడు. పొద్దున్న అయిదుంపావుకి మళ్లీ బిగించేవాడు. ఇంజను వేడెక్కే హీటరు వేసి ముప్పై లెక్కపెట్టేవాడు. సెల్ఫ్ కొట్టి, ఊరుకుని, మళ్లీ కొట్టేవాడు.

"తొందరెడితే అలుగుతాది," అనేవాడు.

"నానలిగితే ఎప్పుడైనా ముప్పై దాకా లెక్కెట్టినావా మావా?"

"నీకు హీటరక్కర్లేదే. నువ్వెప్పుడూ వేడే," అని నవ్వేవాడు.

నాకు నవ్వు రాలేదు. నాకు రాసిన ఉత్తరాల్లో నాలుగు ముక్కలు నా గురించి ఉంటే పది ముక్కలు ఆ జీపు గురించి. ఈ రోజు మూడోసారికే ఇంజను అందుకుంది. ఈ రోజు పొగ బాగుంది, అని. చదివి పెట్టిన పంతులమ్మ దగ్గర నాకు సిగ్గయ్యేది.

మావ సెలవుకొచ్చినప్పుడు పెట్టె తెరిచేను. బొంత అడుగున ఉంది. ఆసిడ్‌కి చిల్లులు పడ్డాయి, పెళ్లిచీర మీద డీజిల్ మరక. జీడి వాసన లేదు.

"ఏటిది?"

"బండికి కప్పినాను."

ఇంకో మాట చెప్పలేదు. సవతి ఉంటే జుట్టు పట్టుకుందును. జీపుకి జుట్టు లేదు కదా.

పింఛనొచ్చేక మావ పాత డీజిల్ కారు కొన్నాడు. దాని బోనెట్‌కీ చెవి ఆనించి కూర్చునేవాడు. ఒంట్లో సత్తువ తగ్గేక, మూడ్రోజులకోసారి బండి తిప్పమని, అంటే ఇంజను ఆడించమని, నాకు చెప్పేడు. మూడు వారాలు నేను తిప్పలేదు. కావాలనే.

పెద్దకార్యం రోజున వైర్‌లెస్ ఆయన వచ్చేడు. కొబ్బరిచెట్ల కింద కారు పక్కన కుర్చీ వేసేను. బొంత సంగతి అడిగేను.

"వాడు సెప్పనేదా వొదినా?" అన్నాడు.

"నేదు."

"సెప్పడు. బతికున్నోడి ఏడుపు ఇంటికాడ సెప్పకూడదని మాలో ఓ మాటుంది. ఇప్పుడు ఆ పోస్టులో మాకు వండిపెట్టిన వంటాయనే కబురెట్టినాడు. నా ఏడుపుతో సహా సెప్పీ అన్నాడు."

జనవరి. పొద్దున్న అయిదు. పోస్టులో వంటాయనకి ఊపిరాడలేదు, పెదాలు నల్లబడ్డాయి. ఇంటికెళ్లాలని చంటిపిల్లాడిలా ఏడుస్తన్నాడు. రేడియోలో కింద క్యాంపు నుంచి జవాబు: "హెలికాప్టరు రాదు. ఎనిమిది లోపల దించండి. తర్వాత దారి మూసుకుపోతాది."

మావ బ్యాటరీ బిగించేడు. హీటరు వేసేడు. సెల్ఫ్ బాగానే తిరిగింది. ఇంజను అందుకోలేదు. మూడుసార్లు కొట్టి, దిగి, వెనక్కెళ్లి పొగ గొట్టం చూసేడు. పొగ లేదు.

"తెల్లపొగొత్తే డీజిల్ మండనేదని. పొగే నేకపోతే డీజిలే రానేదని," అన్నాడట.

బోనెట్ ఎత్తేడు. ఫిల్టరులో డీజిల్ నెయ్యిలా గడ్డకట్టింది. టీ కోసం మరిగిన నీళ్లు తెమ్మన్నాడు. అప్పుడు రాత్రిళ్లు బ్యాటరీకి కప్పే బొంత తెచ్చి, వేడినీళ్లలో ముంచి ఫిల్టరుకి చుట్టేడు. మళ్లీ ముంచేడు, మళ్లీ చుట్టేడు. డీజిల్ ఎక్కించే చేతిపంపు మెత్తన తెలియాలని గ్లౌజులు తీసేసేడు. పంపు గట్టిపడేదాకా నొక్కేడు. అరచేతి తోలు ఇనుముకి అంటుకుని వచ్చేసింది. ఆరూ నలభైకి ఇంజను అందుకుంది. ఎనిమిది లోపలే మావ కిందికి దించేడు, వంటాయన బతికేడు.

"ఆ బొంత వాడు ఎవలికీ ఇచ్చీవోడు కాదు వొదినా. నాను సలికి వణికిపోతంటే కూడా ఇవ్వనేదు. బ్యాటరీకేటిరా, నాకియ్యిరా అంటే, బండి కదిల్తేనే కదరా దానికాడికి ఎల్లేది అన్నాడు."

దాని దగ్గరకి అంటే నా దగ్గరకి.

సంతోషపడాలి కదా. పడలేదు. నాకు ఇంకా కుళ్లు పుట్టింది. ఆ మాట ఈయన విన్నాడు, ఆ జీపు విన్నది, నేను వినలేదు. మా ఆయన చలికాలం ఈయన దగ్గరుంది. నా దగ్గర మరక మాత్రమే ఉంది.

ఆయన లేచి, "నాను ఓపాలి సూత్తాను బండి," అన్నాడు.

"నా మొగుడి బండి మీద సెయ్యెయ్యకండి," అన్నాను.

మర్నాడు పలాస పంపి బ్యాటరీ ఛార్జి చేయించేను. తాళం తిప్పేను, హీటరు దీపం వెలిగి ఆరింది. సెల్ఫ్ తిరిగింది. అందుకోలేదు. దిగి వెనక్కెళ్లేను. పొగ లేదు. మన ఊళ్లో డీజిల్ గడ్డకట్టదు, మరి డీజిల్ గొట్టంలో గాలి పట్టి ఉంటాది అనుకున్నాను. ఫిల్టరు దగ్గర గొట్టం క్లిప్పు వదులైంది. బిగించేను. పంపు నొక్కితే చచ్చిన చేపలా మెత్తగా ఉంది. నొక్కేను. వేళ్లు నొప్పెట్టేదాకా, అది కొబ్బరికాయలా గట్టిపడేదాకా నొక్కేను. మళ్లీ కొడితే తెల్లపొగ. మూడోసారికి అందుకుంది.

బోనెట్ మీద అరచెయ్యి పెట్టేను. లోపల కొట్టుకుంటంది. మావ చెవి ఆనించే చోట నేనూ ఆనించేను. దానితో ఏం చెప్పేనో రాయించను. అది మా ఇద్దరి మధ్య మాట.

మూడ్రోజులకోసారి తిప్పుతున్నాను. కళ్లు మూస్తే ఆ కొండే కనిపిస్తాది. మావ మంచులో మోకాళ్ల మీద ఉంటాడు. నా పెళ్లిచీరలోంచి ఆవిరి లేస్తంటాది. చేతులు రక్తం. ముఖం నావేపు ఉండదు, బండి వేపే ఉంటాది.

సుజాతా, సావనీ అన్న మాట రాసినావా? కొట్టియ్యకు, ఉండనీ. అమ్మా, మొదటికాణ్ణించి సదివి ఇనిపించు.