ప్రొఫెసర్ బావ క్యాబేజీ సేద్యం

మా బావను అందరూ ప్రొఫెసర్ అంటారు. అది వెటకారమని తెలియనిది ఆయనొక్కడికే. పన్నెండేళ్ల కిందట కూరగాయల సాగు మీద ఒక పూట శిక్షణకు వెళ్లి, భోజనాల దాకా కూర్చుని, వాళ్లిచ్చిన తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. చదువు అక్కడితో ముగిసింది. టోపీ మాత్రం ఇంకా తలమీది నుంచి దిగలేదు.

రెండెకరాల క్యాబేజీ పండించేది మా అక్క. ట్రేలలో నారు పెంచేదీ, నాటేదీ, పొద్దున్నే నడుం వంచి ఒక్కో ఆకూ తిరగేసి పురుగు గుడ్లు నలిపేదీ ఆమే. బావ చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద తిరుగుతాడు. దారినపోయేవాడు ఒక్క నిమిషం ఆగితే చాలు, “ఈసారి కొత్త పద్ధతి పెట్టాను” అని అందుకుంటాడు. ఆయన గోళ్లలో మట్టి నేనింతవరకు చూడలేదు.

పోయినేడు పంట కోతకొచ్చిన వారంలోనే బావ తల్లికి కంటి ఆపరేషన్ పడింది. కన్నకొడుకేమో ఆసుపత్రి వాసన తనకు పడదన్నాడు. అత్తగారిని తీసుకుని అక్కే బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“గడ్డలు గట్టిపడ్డాయి. నేనొచ్చి కోయిస్తాను. అప్పటిదాకా నీళ్లు మాత్రం వదలొద్దు, పగిలిపోతాయి.”

“నాకా చెప్తున్నావు?” అన్నాడు బావ, టోపీ సర్దుకుంటూ.

మర్నాడు ఒక పత్రికాయన ఫోన్ చేసి, తోట ఫొటోలు తీసుకుంటానన్నాడు. ఇక బావ కాళ్లు నేల మీద నిలవలేదు. ఫొటోలో గడ్డలు బిందెలంత కనబడాలట. డ్రిప్ తిప్పి వదిలేశాడు. రెండు రోజులు మోటారు ఆగలేదు.

“బావా, అక్క వద్దంది కదా,” అన్నాను.

“మీ అక్కకు చాకిరీ తెలుసు. సేద్యం వేరు.”

మోటారు కట్టేసి రావాల్సింది. గొడవెందుకులే అని ఇంటికొచ్చేశాను. ఆ పిరికితనం నాది.

పత్రికాయన వచ్చేసరికి తోటలో సగం గడ్డలు నెత్తి మీద కత్తివేటు పడ్డట్టు నిలువునా విచ్చుకుని ఉన్నాయి. బావ రెప్ప కూడా వేయలేదు.

“విత్తనంలోనే తేడా ఉందండీ. నేను ముందే అనుమానించాను.”

పత్రికాయన బురదలో దిగబడిన తన బూటు వంక చూసుకున్నాడు, బావ వంక చూశాడు, కెమెరా సంచిలో పెట్టేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే అక్క తిరిగొచ్చింది. అత్తగారిని మంచం మీద పడుకోబెట్టి, చీర కూడా మార్చుకోకుండా తోటకొచ్చింది. సాళ్ల మధ్య ఆ చివరి దాకా నడిచింది. ఒక పగిలిన గడ్డ దగ్గర కూర్చుని, పగులులోకి వేలు పెట్టి చూసింది. నేను తిట్లు వినడానికి సిద్ధపడ్డాను.

“లోపల కుళ్లలేదు. రెండ్రోజుల్లో అమ్మేయాలి,” అంది. “నూడుల్స్ బండ్లవాళ్లు ఎలాగూ తరుక్కునేవాళ్లే కదా, వాళ్లనడుగుదాం. పొద్దున్నే కత్తి పట్టుకుని రారా తమ్ముడూ.”

రెండు రోజులు ఇద్దరమే కోశాం. నాలుగు వీధుల బండ్లవాళ్లు పగిలినవన్నీ తీసుకున్నారు, బాగున్నవి మార్కెట్టుకెళ్లాయి. బావకు ఆ రెండు రోజులూ నడుం పట్టేసింది. మంచం మీద పడుకునే, మేం కోసే తీరు తప్పని కబురంపాడు. మూడో నాడు సరుకు మొత్తం వెళ్లిపోయాక, నడుం దానంతటదే సర్దుకుంది. అక్క మోటారు గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

నెల తిరక్కుండానే పక్క ఊరి రైతులు బావను ఉపన్యాసానికి పిలిచారు. విషయం: క్యాబేజీలో నీటి తడులు. నాకు ఒళ్లు మండిపోయింది.

“వెళ్లొద్దని చెప్పక్కా, నవ్వులపాలవుతాం.”

అక్క బావ చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“వెళ్లనీరా. కనీసం ఆ పూటయినా తోటలో ఉండడు,” అంది.