పోచమ్మ వచ్చి పోయిన మర్నాడు

మా చిన్నప్పుడు పోచమ్మ మా అమ్మ మీదికి వచ్చేది...

ఎల్లారెడ్డికీ గాంధారికీ నడుమ మా ఊరు. వానలు పడి నాట్లు మొదలయ్యే రోజుల్లోనే బోనాలు. డప్పులు దగ్గరికొచ్చి, ఊదు పొగ లేచిందంటే చాలు... అమ్మ తల మీది బోనం పక్కనున్నవాళ్లు అందుకునేవాళ్లు. అమ్మకు శిగం వచ్చేది, అంటే పోచమ్మ పూనేది. జుట్టు విరబోసుకొని, రెండు చేతులా వేపమండలు పట్టుకొని ఊగేది. ఎవరి ముందూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ గంటసేపు ఊరి పెద్దమనుషుల్ని కూడా ‘ఏరా’ అని పిలిచేది.

ఆడవాళ్లు బిందెలతో పసుపు నీళ్లు తెచ్చి ఆమె కాళ్ల మీద పోసేవాళ్లు. ఆ కాళ్ల సంగతి నాకు తెలుసు. నాట్ల బురదలో నాని నాని వేళ్ల సందులన్నీ పుండ్లు పడ్డాయి. ముందు రోజు కొబ్బరినూనె రాసింది నేనే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బాపు పని కోసం బొంబాయి పోయాడు. ఇంట్లో అమ్మ కూలి తప్ప ఇంకో ఆధారం లేదు. ఒక్కరోజు బురదలో దిగకుండా ఉంటే ఆ పుండ్లు కాస్త ఆరతాయని నా ఆశ. కానీ నాట్ల కాలంలో ఆగిపోతే ఆ చోట ఇంకొకరిని పెట్టుకుంటారు. అందుకే అమ్మ అడిగేది కాదు.

నాకో ఉపాయం తట్టింది... పోచమ్మ ఏది అడిగినా ఊరు కాదనదు కదా!

ఆ ఏడు కూడా పెద్దమనుషులు "ఏం గావాలె తల్లీ" అని అడిగారు. అమ్మ నోట పోచమ్మ బలికి యాటను అడిగింది. సరేనన్నారు. అమ్మ నాట్లకు పోయే పొలం పటేలుదే. ఆయన వంగి అమ్మ కాళ్లకు మొక్కి, ఆ పసుపు నీళ్లు తల మీద చల్లుకున్నాడు. ఇదే అదను అనుకొని నేను మందిని తోసుకుంటూ ముందుకు పోయాను.

"తల్లీ, రేపు మా అమ్మను నాటుకు పిలవొద్దని పటేలుకు చెప్పు."

అందరూ నవ్వారు. అమ్మ నా వైపు చూసింది... నన్ను గుర్తుపట్టని చూపు. "నా బిడ్డలందర్ని సల్లగ చూస్త" అని, వేపమండతో నెత్తి మీద కొట్టి అవతలికి ఊగిపోయింది. ఆ అందరిలో నేనూ ఒకదాన్ని. కన్నబిడ్డనని ఆమెకు తెలియనే లేదు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో చెప్పలేను.

మర్నాడు అమ్మ నాటుకు పోయింది. ఒళ్లంతా నొప్పులు, కాళ్లకు పాత చీర పీలికలు చుట్టుకుంది. నేనూ వెంట పోయాను. నడవలేక నడిచేసరికి కాస్త ఆలస్యమైంది. ఒడ్డు మీద నిలబడ్డ పటేలు "ఇప్పుడా వచ్చేది? పొద్దెంత ఎక్కిందో సూసినవా?" అని కసిరాడు. అమ్మ తల వంచుకొని మడిలోకి దిగింది.

ఈ పటేలే శనివారం శనివారం హనుమాండ్ల గుడిలో భజన పెట్టించేది. దేవుడు అంతటా ఉన్నాడని, మన అందరిలో ఉన్నది ఆయనేనని హార్మోనియం ఆపి మరీ చెప్పేవాడు. నేను ముందు వరసలో కూర్చొని వినేదాన్ని. అన్నీ నమ్మేదాన్ని కూడా. అందుకే ఆ ఒడ్డు మీదే ఆయన్ని అడిగేశాను.

"పటేలా, దేవుడు అంతట ఉన్నడంటిరి కదా. మా అమ్మల లేడా?"

"ఉన్నడు బిడ్డా."

"మరి నిన్న కాళ్లు మొక్కితిరి. ఇయ్యాల ఎందుకు తిడుతున్నరు?"

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. నాకు అందుకే ఇంకా మండింది. "నిన్న మొక్కింది పోచమ్మకు. ఇయ్యాల నాటేసేది మీ అమ్మ. రెండు ఒక్కటెట్ల అయితయి?" అన్నాడు.

ఇంతలో అమ్మ మడిలోంచి వచ్చి, బురద చేత్తోనే నా వీపు మీద ఒక్కటిచ్చింది.

సాయంత్రం నేను అలిగి కూర్చున్నాను. అన్నం ముందు అమ్మే మొదలుపెట్టింది.

"ఇంటికి చుట్టమొచ్చి పోతది బిడ్డా. గంత మాత్రాన ఇల్లే చుట్టమయితదా?"

"అంతట ఉన్నోళ్లు యాడికి పోతరు మల్ల?"

అమ్మ నా కంచంలో ఇంకో ముద్ద అన్నం పెట్టింది. "గది నాకు తెల్వది. యాటను అడిగిన సంగతి గూడ మంది చెప్తేనే తెలిసింది. తల్లి అడిగితే ఇస్తరు, నేనడిగితే పని పోతది. గంతే."

ఆ ‘గంతే’ నాకు ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు.

ఇప్పుడు కామారెడ్డిలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ... దేవుడు అంతటా ఉన్నాడు కాబట్టి మనుషులు దేవుడిలో భాగమా, కాదా అని. మనమంతా ఆయన అంశే అని ఒకాయన. మనలో ఉన్నంత మాత్రాన మనం ఆయన అయిపోము, చేసినవాడు వేరు, చేసిన వస్తువు వేరు అని చర్చికి పోయే పక్కింటి అక్క. ఇద్దరూ మంచివాళ్లే. పొద్దుగూకే దాకా వాదించుకున్నారు. చదువుతుంటే నాకు తిక్క రేగింది. భాగమైతే మనిషిని ఎట్లా చూడాలి? కాకపోతే ఎట్లా చూడాలి? అది ఒక్కరూ రాయలేదు. నేనే ఏదో టైపు చేసి తుడిపేశాను. ఆ ఉక్రోషమే ఇక్కడ ఇట్లా రాయిస్తోంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఆ చర్చంతా చదివి వినిపించాను. ఓపికగా విన్నది.

"నేను దేవతనైతినో కాకపోతినో గని... గా దినం కాళ్లు మస్తు నొచ్చినయ్ బిడ్డా" అంది.

మా ఊళ్లో బోనాలు ఇప్పుడు ఇంకా జోరు. డప్పులకు తోడు డీజే వచ్చింది. నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. మావాళ్ల నడుములకు కాస్త సుఖం దొరికింది, సంతోషమే... కానీ ఆ వచ్చినవాళ్ల కాళ్ల సంగతి అడిగే మనిషి నాకు ఇంకా కనబడలేదు.

మీ ఇంట్లో, మీ వాడలో ఎవరి మీదికైనా అమ్మవారు వచ్చేదా? మర్నాడు పొద్దున ఆమెతో "ఇయ్యాల ఇంటికాడ ఉండు, నీ పని యాడికి పోదు" అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... ఒక్కరున్నా సరే, అమ్మకు చదివి వినిపిస్తాను.