వదిన ఎంచిన చిన్న సర్వర్

మా వదిన పోయింది. అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను టెక్కలిలో ఒక ఎరువుల కొట్టాయన ఎదురుగా కూర్చుని, ఆయన బిల్లింగుకి అంత పెద్ద సర్వర్ ఎందుకు దండగో చెబుతున్నాను. "వదిన ఎల్లిపోనాదే" అన్నాడు అన్నయ్య, అంతే. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, సగంలో ఆపిన వాక్యం పూర్తి చేశాను కూడా. తర్వాత బయటికొచ్చి కొట్టు మెట్ల మీద కూలబడ్డాను. పాపం ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అంచు దాకా నిండిన ఆ గ్లాసు చూశాక ఏడుపు ఆగలేదు. మా వదిన గ్లాసుడు నీళ్లు ఒక్క గుక్కలో తాగి కొన్నేళ్లయింది.

కిడ్నీ జబ్బు. ఉద్దానం వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెప్పి చెప్పి మాకు నోళ్లు నొప్పెట్టాయి. పరిశోధనలని, వార్తలని ఎవరెవరో వచ్చారు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, ఫొటోలు తీసుకున్నారు, అయ్యో అన్నారు, వెళ్లిపోయారు. సోంపేట దగ్గర కొబ్బరితోటలో పుట్టిన మనిషి మా వదిన. ఆమెనే బొండం నీళ్లు ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. పుట్టింటికి వెళ్తే తమ్ముళ్లు బొండాలు కొట్టి అందరికీ ఇస్తుంటే, "నాకు వాసన సాలు" అని నవ్వేది. ఆ నవ్వంటే నాకు ఒళ్లు మండేది. దేనికి నవ్వాలి?

పెళ్లయి పలాసలో మా ఇంటికొచ్చిన రోజు ఆటోలోంచి ఆమె ముందు దింపింది ల్యాప్‌టాప్ సంచి. ఎక్కడెక్కడి కంపెనీలకో సర్వర్లు ఎంచి, పెట్టి, కాపలా కాసే పని ఆమెది. సర్వర్ అంటే బీరువా లాంటి పెట్టె అనుకునేరు. ఎక్కడో దూరాన వేల కంప్యూటర్లు ఉంటాయి, వాటిలో మనకి కావలసినంత ముక్క అద్దెకి తీసుకుంటాం. దాన్నే క్లౌడ్ అంటారు. ఆ ముక్కల్లో రకాలు బోలెడు. ఏ పనికి ఏ రకం అన్నదే మా వదిన విద్య. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా కోడలు మబ్బుల్లో ఏటో సేత్తాది" అని చెప్పుకునేది.

నాకు ఆ విద్య అబ్బింది ఆమె చలవే. చదువైపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. "ఏటే గుంటా, టీవీ సూత్తావా, పని నేర్సుకుంటావా?" అంది ఒకరోజు. "రెండూను" అన్నాను. లేచెళ్లి టీవీ ప్లగ్గు పీకేసింది. ఆడపడుచునన్న భయం భక్తీ ఏ కోశానా లేవు ఆవిడకి.

ఆమె పని చేసే తీరు తెలియాలంటే ఊళ్లో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ పెద్దాయన వచ్చిన రోజు గురించి చెప్పాలి. లెక్కల సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తోందని వచ్చాడు. "అన్నిటికన్నా పెద్దది ఎట్టీమ్మా, మన పేరుకి తగ్గట్టుండాల" అన్నాడు.

వదిన సర్వర్ ఊసే ఎత్తలేదు. "మావయ్యగారూ, మీ ఫ్యాక్టరీలో పని ఎక్కడ ఆగుతాది? పిక్క కోసేకాడా, గ్రేడింగు బల్లకాడా, గోడౌన్‌లోనా?" అని అడిగింది.

"బల్లకాడేనమ్మా. పప్పు పరిసీడానికి సోటు సాల్దు."

"కోతకి ఇంకో పదిమందిని ఎడితే?"

"ఏటి లాభం? బల్లకాడ గుట్ట పడిపోతాది."

"మీ లెక్కలకీ అదే రోగం. కోసే చేతులు ప్రాసెసర్, పరిసే బల్ల మెమరీ, గోడౌన్ డిస్కు. మీకు బల్ల సాల్దు. అది పెద్దగా ఉండే రకం తీసుకుందాం, మిగతావి ఉన్నయే సాలు."

"ఓసోస్, ఇంతేనేటి!" అని ఆయన తెగ సంబరపడిపోయాడు. ఆ తర్వాత ఊళ్లో అందరికీ తన కూతురన్నట్టే చెప్పేవాడు. ఆ ముచ్చట్లు తలుచుకుంటే ఇప్పుడు నాకు వెగటు పుడుతుంది.

"మిషన్ పేరు తరవాత అడుగుదువు గాని, ముందు పనికాడ ఒక దినమంతా కూకో. అది ఎప్పుడు పరిగెడతాదో, ఎప్పుడు తొంగుంటాదో సూడు" అనేది నాతో. కూర్చునేది కూడా. సర్వర్ ఎప్పుడెంత కష్టపడుతోందో చూపించే గ్రాఫు ముందు, పక్కన చిన్న స్టీలు గ్లాసులో రోజుకి కొలిచిన నీళ్లు పెట్టుకుని, మధ్యమధ్య పెదాలు తడుపుకుంటూ. డయాలసిస్ రోజున ఎడమ చేతికి సూదులుంటే కుడిచేత్తో ఒక్క వేలితో టైపు చేసేది. క్లయింట్లతో ఇంగ్లీషులో చక్కగా మాట్లాడి, ఫోన్ పెట్టాక "ఈడి బుర్రలో గుజ్జు నేదు" అనేది.

ఆ పెద్దాయనే మరికొందరు వ్యాపారులతో కలిసి ట్రస్టు పెట్టి, పలాసలో డయాలసిస్ సెంటర్ నడిపిస్తున్నాడు. మంచి పనే, కాదనను. మంచాలు తక్కువ, రోగులు ఎక్కువ. మర్నాటి మంచం కోసం మనుషులు తెల్లారకముందే గేటు దగ్గర పడిగాపులు కాసేవారు. వదిన జాలిపడి డబ్బులు తీసుకోకుండా ఒక వెబ్ పేజీ రాసిచ్చింది. ఉదయం ఆరింటికి మర్నాటి మంచాలు ఫోన్లో తెరుచుకుంటాయి. ముందు నొక్కినవాళ్లకి మంచం. భావనపాడు నుంచైనా నౌపడ నుంచైనా ఇంట్లో కూర్చునే నొక్కుకోవచ్చు.

దానికి ఆమె ఎంచింది చిన్న సర్వర్. రోజంతా పడుకుని బలం కూడబెట్టుకుని, అవసరం పడ్డప్పుడు ఒక్కసారి పరిగెత్తే రకం. ఆరింటికి పది నిమిషాల హడావిడి, మిగతా రోజంతా నిశ్శబ్దం. ఆ పనికి అంతకంటే సరైన రకం లేదు. "ఇది తొంగుంటేనే పరిగెడతాది మావయ్యగారూ, దీన్ని లేపకండి" అని చెప్పి మరీ అప్పజెప్పింది. కొన్ని నెలలు గేటు దగ్గర ఎవరూ లేరు. వదిన తన మంచం కూడా అందరిలాగే ఫోన్లో నొక్కి తీసుకునేది.

మా పలాసలో ఫ్యాక్టరీలు నడిపేవాళ్లకి ఒక గుణం ఉంది. బాయిలర్ వేడెక్కితే చల్లారనివ్వరు, ఇంకో లాటు పిక్క పోసేస్తారు. ఖాళీ మిషన్ కనబడితే కడుపు తరుక్కుపోతుంది వాళ్లకి. ఆ పెద్దాయన ఒకరోజు సర్వర్ గ్రాఫు చూశాడు. గీత దినమంతా నేలని కరుచుకుపోయి ఉంది. "ఇదేటి, ఉత్తినే తొంగుంటన్నాది!" అని, తన ఫ్యాక్టరీల స్టాకు రిపోర్టులు తీసుకొచ్చి దాని మీద పెట్టించాడు. సాయంత్రం నుంచి తెల్లవార్లూ అవి నడిచేవి. సర్వర్ కూడబెట్టుకున్న బలమంతా జీడిపప్పు లెక్కలకి పోయేది. ఆరయ్యేసరికి దానికి ఊపిరుండేది కాదు.

ఇక ఆరింటికి పేజీ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. తిరిగీ తిరిగీ ఆగిపోతుంది. జనం మళ్లీ ఆటోలెక్కి గేటు దగ్గరికి. సెంటర్లో కుర్రాళ్లు కాగితం మీద పేర్లు రాసుకోవడం మొదలెట్టారు. కాగితం మీద ముందెవరి పేరు? పెద్దాయనకి ఫోన్ చేయించుకోగలిగినవాళ్లది. సర్వర్ ఆగిన చోట సిఫారసు నడిచింది. కావాలని చేశాడని నేననను. పొద్దున్నే ఆయన ఫోన్ మోగుతూనే ఉండేది, జనం బతిమాలుతుండేవారు, ఆయన దయతలచి ఒకరిద్దరికి మంచం ఇప్పించేవాడు. అది ఆయనకి బాగానే ఉంది.

వదిన ఎన్నిసార్లు తిరిగిందో. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. "మావయ్యగారూ, ఆ రిపోర్టులు తీయించీండి. నేదంటే ఒకేలాగ నడిసే రకానికి మార్సనీండి. ఆపి, మార్సి, మళ్లీ లేపడమే. పెద్ద పనేం కాదు. సర్వర్ పాస్‌వర్డు ట్రస్టుకాడే ఉన్నాది, మీరు ఊ అంటే సాలు."

"మొన్ననే డిస్కు పెంచినాం కదమ్మా."

"ఆగింది గోడౌన్‌కాడ కాదండీ."

"సరే, మీటింగులో ఎడదాంలే. నువ్వు ఆరోగ్యం సూసుకో తల్లీ. ఇయన్నీ నీకెందుకు?"

నీకెందుకట! రెండు రోజులకోసారి రక్తం కడిగించుకుంటేగాని బతకని మనిషితో అన్న మాట అది. వదిన లేచి వచ్చేసింది. ఆటోలో ఒక్కటే అంది: "ఖాళీగా కనబడిందల్లా ఖాళీయే అనుకుంటాడు."

నాకు ఆయన మీదే కాదు, వదిన మీదా కోపమే. ఇంకా తగ్గలేదు. పేజీ ఆమె రాసింది. వెనకనుంచి తన పేరు ఎక్కించుకోవడం ఆమెకి చిటికెలో పని. ఆ ఆఖరి వారం మంచం దొరక్క కాళ్లు వాచిపోయి, పడుకుంటే ఊపిరాడక దిండ్లకి ఆనుకుని కూర్చుంది. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టాను. "ఎక్కించుకో వదినా. ఎవడడుగుతాడు?"

"నా పేరు ఎక్కితే ఎవలి పేరు దిగిపోద్దో నువ్వు సెప్పు."

"ఎవరిదో నాకెందుకు! నాకు నువ్వు కావాలి."

"నాకు తెలిసిపోద్ది కదే" అంది. "అది రాసిందాన్ని నానే."

"పోనీ ఆయనకి ఫోన్ చెయ్యి. కూతురివంటాడు కదా!"

"అలా మంచం తీసుకోడానికేనేటి ఆ పేజీ రాసింది?" అని ల్యాప్‌టాప్ మూసేసి నా చేతిలో పెట్టింది. నేను తిట్టాను. ఏవేవో అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మరదలా, నీకు నోరెక్కువ, బుర్ర తక్కువ" అంది. ఆమె నాతో ఆడిన ఆఖరి సరసం అది. నేను టెక్కలిలో ఉండగా అన్నయ్య శ్రీకాకుళం తీసుకెళ్లాడు, అప్పటికే ఆలస్యమైందన్నారు.

సర్వర్ చంపేసిందని అంటే నవ్వుతారు, నాకు తెలుసు. కిడ్నీలు పోయాయి, గుండె ఆగింది, కాగితం మీద అదే రాశారు. కానీ మంచం ఉండగా ఆ మంచం ఆమెకి అందలేదు. ఎందుకు అందలేదో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. తెలిసి కూడా వరసలో నిలబడింది.

పదకొండో రోజున పెద్దాయన దండ పట్టుకుని వచ్చాడు. "మా ఇంటి ఆడబిడ్డ పోయినట్టుందమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే, అదే నాకు కడుపుమంట. పేజీ తెరవగానే వదిన ఫొటో కనబడేలా పెట్టిద్దామన్నాడు. నేను వడ్డిస్తున్నాను అప్పుడు.

"ఫొటో వద్దండీ. రిపోర్టులు పక్కకి తీసి, సర్వర్ రకం మార్చనివ్వండి" అన్నాను.

"అంతేనేటి? దానికి నన్నడగాలేటమ్మా, సేసీ!" అన్నాడు.

చేతిలో ఉన్న గరిటె ఆయన నెత్తిన వేయకుండా ఎలా ఆగానో నాకే తెలీదు. ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి ఇప్పించిన పాస్‌వర్డుతో వసారాలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. రిపోర్టులు తీసేశాను. ఆపాను, రకం మార్చాను, లేపాను. అవతల వంటాయన పులుసు గిన్నె దించేలోపే అయిపోయింది. ఇంతోటి పని కోసం మా వదిన ఆ ఇంటి గడప అరగదొక్కింది.

మర్నాడు ఆరింటికి అన్నయ్యా నేనూ పేజీ తెరుచుకుని కూర్చున్నాం. చక్రం తిరగలేదు. మంచాలు తెల్లటి గళ్లలా వరసగా వచ్చి, ఎవరో ఒకరు నొక్కినకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి పచ్చబడిపోతున్నాయి. కిటికీ పక్కన, గోడకి ప్లగ్గున్న మంచం ఒకటుంది. ల్యాప్‌టాప్ పెట్టుకోవచ్చని వదిన ఎప్పుడూ అదే నొక్కేది. అన్నయ్య వేలు దాని వైపు వెళ్లింది. ముట్టుకునేలోపే ఆ గడి పచ్చబడింది. ఎవరు నొక్కారో చూశాను. వజ్రపుకొత్తూరు వైపు అమ్మాయి, నాకంటే చిన్నది.