బాపు పెట్టిన జపాన్ సేమియా హోటల్

నేను నాలుగో తరగతిలో ఉన్న రోజులు... పొద్దున లేచి, కాళ్లు కడుక్కుని, ఉతికిన సాక్సులు వేసుకుని పిండి తొక్కేదాన్ని.

మైదా ముద్దను దళసరి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాని మీద చాప పరిచేవాడు మా నాన్న, బాపు. నేను గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దాని మీద తిరిగేదాన్ని. ముద్ద పలచబడగానే బాపు మడిచి మళ్లీ పెట్టేవాడు... "ఇంకో పదిసార్లు తొక్కు బిడ్డా" అంటూ.

బాపు దుబాయిలో ఎనిమిదేళ్లు ఒక జపాన్ వాళ్ల హోటల్లో వంట చేశాడు. అక్కడ ఉడోన్ అని లావుపాటి నూడుల్స్ చేసి, వేడి చారులో వేసి ఇచ్చేవాళ్లట. నడుము నొప్పితో తిరిగొచ్చాక, బాన్సువాడలో బీర్కూర్ వెళ్లే రోడ్డు మీద చిన్న దుకాణం మడిగ కిరాయికి తీసుకుని అదే పెట్టాడు. ఉడోన్ అంటే ఎవరికీ నోరు తిరగదని బోర్డు మీద 'జపాన్ సేమియా' అని రాయించాడు. జపాన్ చేపలు ఇక్కడెక్కడ దొరుకుతాయి... నిజాంసాగర్ ఎండు చేపలతోనే చారు కాచేవాడు.

పిండి మీద బరువు పడాలి. బాపు నడుము ఓర్వదు. అమ్మ ఒప్పుకోలేదు.

"తినేదాన్ని కాలుతోని తొక్కుడేంది? నేనైతే తొక్క" అంది.

"కవరు లోపల ఉంటది. కాలు తాకుతదా? ఆడ అందరు గట్లనే చేస్తరు" అన్నాడు బాపు. తర్వాత నా వైపు తిరిగి, "బయట మాత్రం ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

చెప్పనన్నాను.

నాలుగు నెలలు హోటల్ బాగానే నడిచింది. బస్సు దిగినవాళ్లు, కాలేజీ పిల్లలు వచ్చేవాళ్లు. ఒక లెక్చరర్ సారు రోజూ సాయంత్రం వచ్చి, గిన్నె ఎత్తి చారు చివరిదాకా తాగేవాడు. ఆ చప్పుడు విని బాపు పొయ్యి దగ్గరే నవ్వుకునేవాడు.

ఒకరోజు బడిలో తొక్కుడుబిళ్ల ఆటలో నేను గెలిచాను. చదువులో ఎప్పుడూ వెనకబెంచీనే... గెలవడం అదే మొదటిసారి. "నీ కాళ్లకు గంత బలమెట్లొచ్చింది?" అని ఒక అమ్మాయి అడిగింది.

"రోజు మా హోటల్ల పిండి తొక్కేది నేనే" అన్నాను... గొప్పగా.

వారం తిరక్కుండానే లెక్చరర్ సారు సగం తిని ఫోర్కు ఆపాడు. "అన్నా, గీ పిండి కాళ్లతోని తొక్కుతరంట, నిజమేనా?"

బాపు కాదనొచ్చు. అనలేదు. "అవు సార్. కవరుల పెట్టి తొక్కుతం. పిండి గట్టిపడాలంటే గట్లనే చెయ్యాలె."

సారు గిన్నె పక్కకు జరిపి లేచి వెళ్లిపోయాడు. నేను గడప మీద కూర్చుని హోంవర్క్ రాస్తున్నాను. తల ఎత్తలేదు.

ఆ తర్వాత, పక్కన సైకిళ్లు బాగుచేసే గౌస్ చాచా ఒక్కడే వచ్చేవాడు. "మా ఇంట్ల పండుగకు సేమియా చేత్తోని చేస్తరు, నువ్వు కాళ్లతోని చేస్తున్నవ్. కడుపుకేం ఎరుక భాయ్" అని తినేవాడు. ఒక్క మనిషి కోసం ఎన్ని రోజులని పొయ్యి వెలిగిస్తాం... వానలు పడకముందే మడిగ ఖాళీ చేశాం. బాపు ఒక హాస్టల్లో వంటకు కుదిరాడు. చేతనైనన్నాళ్లు అక్కడ అన్నం, పప్పే వండాడు.

ఎవరు చెప్పారని ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకుందామని చాలా రోజులు చూశాను... తర్వాత నాకై నేను చెప్పే ధైర్యం పోయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. డ్యూటీ దిగేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. అలాంటి రోజుల్లో ఒక్కదాన్నే దగ్గర్లో ఉన్న జపాన్ ఉడోన్ హోటల్‌కు వెళ్లి కూర్చుంటాను. ఐదేళ్లుగా అదే మూల బల్ల, అదే వేడి గిన్నె. బాపుకు ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న కంటి పరీక్షకు బాపు వచ్చాడు. ఆ గదికీ ఈ గదికీ తిరిగి ఇద్దరమూ అలసిపోయాం. ఏమనిపించిందో, ఆయన్ని అక్కడికే తీసుకెళ్లాను. గిన్నె రాగానే వాసన చూశాడు. ఒక్క నూడుల్ తీసి పంటితో కొరికి చూశాడు. "మంచిగ చేసిండ్రు" అన్నాడు. చాలాసేపు తల వంచుకుని తిన్నాడు.

అప్పుడు చెప్పేశాను. "బాపూ... గప్పుడు బడిల చెప్పింది నేనే."

"ఎరుకనే" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"గప్పటిసందే. నీకు గొప్పగ చెప్పుకునేటందుకు గదొక్కటే ఉండె బిడ్డా. నిన్నేమంట?" గిన్నె నా వైపు జరిపి, "ఇగ తిను, సల్లారుతది" అన్నాడు.

తిన్నాను... రుచి తెలియలేదు.

పాతికేళ్లు తెలిసీ ఒక్క మాట అనలేదు. ఇవాళ నా కొడుకు బడిలో నీళ్ల సీసా మర్చిపోయి వస్తే, వాడు బూట్లు విప్పకముందే నాలుగు మాటలు అనేస్తున్నాను. అలసట అని సర్దిచెప్పుకుంటాను... బాపు మాత్రం అలసిపోకుండానే ఇంటికొచ్చేవాడా?

మీ తప్పు తెలిసీ ఊరుకున్న పెద్దవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటే కింద రాయండి... ఆలస్యంగానైనా అన్నీ చదువుతాను. అలా ఊరుకోవడం వాళ్లకు ఎలా చేతనయిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.