అమ్మమ్మ వేసిన దావా

ఆమెను ఇంట్లో అందరూ పొట్టి అనేవాళ్లు. నిజానికి ఆమె పొట్టి కాదు. అక్క బాగా పొడగరి కావడంతో, పక్కన నిలబడ్డ పాపానికి చిన్నప్పుడే ఆ పేరు అంటుకుంది. యాభై ఆరేళ్లు వచ్చినా వదల్లేదు. అక్క హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైంది. పొట్టి మాత్రం కళ్లద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తూ ముప్ఫై ఏళ్లు గడిపింది. అక్క మీద ఆమెకు ప్రేమ లేదని కాదు. అక్కను ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం అక్కణ్ణించి లేచిపోయేది. చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన పడుకునే చోటు కూడా అక్కదే.

రిటైరయ్యాక అక్క కుటుంబ చరిత్ర రాయడం మొదలుపెట్టింది. పాత ఫొటోలు, సర్టిఫికెట్లు పోగుచేసి లావుపాటి పుస్తకంలో అంటించింది. చూడ్డానికి వచ్చిన పెద్దమామయ్య పేజీ పేజీకీ ఆగి, "నీలాంటిది ఇంటికొకతి ఉండాలమ్మా" అన్నాడు. పక్కనే టీ కప్పులు సర్దుతున్న పొట్టికి ఒళ్లు మండింది.

మామయ్య వెళ్లాక ఆమె ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చూసింది, అంతే. అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం నకలు దగ్గర చూపు ఆగింది. వెలిసిపోయిన సిరాతో ఒక గడిలో చీమ తలకాయలంత అక్షరాలున్నాయి. సంచిలోంచి భూతద్దం తీసింది. 'వధువు: విడాకులు పొందినది.'

పొట్టి పుస్తకం మూసేసింది. అక్కకి ఒక్క ముక్క చెప్పలేదు. అక్క ఇది చూడనే లేదు, చూసుంటే ఈపాటికి పెద్ద ఉపన్యాసం ఇచ్చేది అనుకుంది. ఆ సంగతి కూపీ లాగి, కాగితంతో సహా అక్క ముందు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఇంటికి నడిచింది.

దుకాణానికి గురువారం సెలవు. ఆ గురువారమే కోర్టు రికార్డు రూముకి వెళ్లింది. బట్ట మూటలతో నిండిన ఇనప బీరువాల మధ్య, ముక్కుకి రుమాలు కట్టుకుని కూర్చున్న రికార్డు కీపరు ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మీ అమ్మమ్మగారి పేరొక్కటే చాలదమ్మా. విడాకుల దావా ఎవరు వేస్తే వాళ్ల పేరు మీద ఉంటుంది రిజిస్టర్లో. ఎవరు వేశారు?"

"మొగుడే వేసుంటాడు కదండీ, ఆ రోజుల్లో."

"ఆయన పేరు?"

"అదే తెలీదు."

"ఏ సంవత్సరం?"

"తాతయ్యతో పెళ్లికి ముందు."

ఆయన రుమాలు కిందికి లాగి ఆమె వంక జాలిగా చూశాడు. "అయితే మీరే వెతుక్కోవాలి. పెళ్లి సంవత్సరం నుంచి వెనక్కి వెళ్లండి. తీర్పు వచ్చిన ఏడు కాదు, దావా వేసిన ఏడు చూడాలి. మధ్యలో ఓ రెండేళ్ల పుస్తకాలు చెదలు తినేశాయి. అందులో ఉంటే మాత్రం నన్నేమీ అనకండి."

మూడు గురువారాలు పొట్టి దావా వేసిన మగవాళ్ల పేర్లన్నీ చదివి, పక్కన భార్య పేరు చూసుకుంటూ పోయింది. తుమ్ములు వచ్చాయి, మెడ పట్టేసింది, అమ్మమ్మ మాత్రం దొరకలేదు. నాలుగో గురువారం విసుగుపుట్టి, దావా వేసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో చూద్దామని వేలు పెట్టి దిగింది. పదకొండో పేజీలో వేలు ఆగిపోయింది. అమ్మమ్మ పేరు, తండ్రి గడిలో ముత్తాత పేరు. దావా వేసింది అమ్మమ్మే.

రికార్డు కీపరు నంబరు రాసుకుని నిచ్చెనెక్కాడు. దుమ్ము దులిపి మూట విప్పితే పల్చటి ఫైలు వచ్చింది. అందులో అమ్మమ్మ కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం ఉంది. పొట్టి అక్కడే బల్ల మీద కూర్చుని చదివింది.

'ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పెళ్లయిన ఏడాదికే పక్క ఊళ్లో వేరే ఇల్లు తీసుకుని వెళ్లిపోయారు. మూడేళ్లుగా రాలేదు, రమ్మనలేదు. పోయి కాళ్లు పట్టుకోమన్నారు మావాళ్లు. నేను పట్టుకోను. నాకు ఇరవై రెండేళ్లు. ఇంకా చాలా రోజులు బతకాలి.'

నకలు కోసం దరఖాస్తు పెట్టి, అది చేతికొచ్చిన రోజు సాయంత్రమే అక్క ఇంటికి వెళ్లింది.

"అక్కా, అమ్మమ్మకి తాతయ్యకంటే ముందు ఇంకో పెళ్లయింది, తెలుసా?"

అక్క బీన్స్ తుంచుతూ తలైనా ఎత్తలేదు. "తెలుసు."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాకు పదహారేళ్లప్పుడు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"నీ నోట్లో ఏ మాటైనా ఆగుతుందా? అందుకే." అక్క నిట్టూర్చింది. "పాపం, వాడు విడాకులిచ్చి వదిలించుకున్నాడట. అది చెబుతూ ఎంత ఏడ్చిందో."

పొట్టి సంచి జిప్పు సగం తీసి, కాగితం అందుకోబోయి ఆగింది. అంటే దావా వేసింది అమ్మమ్మేనని అక్కకి తెలియదు. జిప్పు మళ్లీ మూసేసి, పనుందని లేచి వచ్చేసింది. ఆ తరువాత పదిరోజులు ఆమె ఎంత హాయిగా గడిపిందో చెప్పడం కష్టం. అక్కను అమ్మమ్మ పక్కన పడుకోబెట్టుకుంది, రహస్యం చెప్పింది, కానీ నిజం చెప్పలేదు. అలా అనుకున్నప్పుడల్లా ఆమెకు ఆకలి కూడా బాగా వేసేది. ఆ వెంటనే, పదహారేళ్ల అక్క పక్కన అమ్మమ్మ ఏడుస్తూ కూర్చోవడం కళ్లకు కట్టేది. అన్నం పళ్లెం అలాగే ఉండిపోయేది.

పదకొండో రోజు అక్క కళ్లద్దాల దుకాణానికి వచ్చింది. ఫ్రేము వదులైందని వంక. పొట్టి ఫ్రేము బిగించి ఇచ్చినా కదల్లేదు.

"ఆ రోజు నీ సంచిలో ఏదో కాగితం ఉంది. చూపించవే."

పొట్టి చేతిలో ఉన్న అద్దం అంచు నున్నగా అయ్యేదాకా ఆమెను నిలబెట్టింది. తరవాత చేతులు తుడుచుకుని, నకలు తీసి తనే చదివి వినిపించింది. 'నేను పట్టుకోను' అన్న మాట రెండుసార్లు చదివింది.

అక్క స్టూలు మీద కూర్చుండిపోయింది. "దావా తనే వేసిందా? మరి నాతో అలా చెప్పిందేం?"

"ఏమో. ఆ వయసులో నీకు అర్థం కాదనుకుందేమో."

అక్క ముఖం మాడిపోయింది. ఆ కాగితం వంక, దాన్ని పట్టుకున్న చెల్లెలి వేళ్ల వంక చూసింది. ఆ చూపేమిటో పొట్టికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లూ తను అక్క వంక చూసిన చూపే అది. గెలిచినందుకు సంతోషం కలిగింది గానీ, అనుకున్నంత కలగలేదు.

"నాకో జిరాక్సు ఇవ్వు, పుస్తకంలో పెడతాను."

"రికార్డు రూములో అడిగితే నకలు ఇస్తారు. నువ్వూ తెచ్చుకో."

అక్క నిజంగానే వెళ్లింది. తరవాతి గురువారం పొట్టి వెళ్లేసరికి రికార్డు కీపరు నవ్వుతూ పలకరించాడు.

"మీ అక్కగారు వచ్చారమ్మా. నంబరు ఉంది కదా, అరగంటలో ఫైలు తీసిచ్చాను. మా అమ్మాయి ఆవిడ దగ్గరే చదువుకుంది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను."

నాలుగు గురువారాలు దుమ్ము తిన్న తనకు ఒక్కరోజైనా మంచినీళ్లు ఇవ్వలేదీ మనిషి. పొట్టి పళ్లు బిగించి బల్ల దగ్గర కూర్చుంది.

"ఇంకా ఏం కావాలమ్మా? దొరికిందిగా."

"ఆ మొదటి మొగుడి పేరు తెలిసింది కదండీ. ఆ తరవాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడా, పిల్లలున్నారా, చూడాలి. పెళ్లిళ్ల రిజిస్టర్లు ఎక్కడుంటాయి?"

"పై అంతస్తులో, రిజిస్ట్రారు ఆఫీసులో. అక్కగారికి కూడా కావాలా?"

"ఆవిడకి చెప్పకండి," అంది పొట్టి, భూతద్దం తీసుకుని మెట్ల వైపు నడుస్తూ.