వాగ్దానం వెనక గ్రీన్ కార్డు

నాకు నోరు ఎక్కువ. చిన్నప్పుడు మా అమ్మ అనేది, ఇప్పుడు మా ఆయన అంటాడు, ఆఫీసులో వాళ్లు పైకి అనలేక మొహాలు చూసుకుంటారు. కోపం వచ్చిందంటే ఎదుట ఉన్నది ఎవరు, ఎంత పెద్దవాళ్లు అన్నది చూసుకోను. అరగంట తర్వాత అన్నది మర్చిపోతాను కూడా. నేను మర్చిపోయాను కాబట్టి పడ్డవాళ్లూ మర్చిపోయి ఉంటారని ఈ మధ్య దాకా నిశ్చింతగా ఉన్నాను.

మేం జెర్సీ సిటీలో ఉంటాం. మా అత్తయ్యది బాపట్ల దగ్గర ఊరు. మావయ్య పోయిన తర్వాత, మా ఆయన సిటిజన్ కాగానే ఆవిడకు గ్రీన్ కార్డు తీయించాడు. పాప పుట్టినప్పటి నుంచి ఆవిడ మా దగ్గరే ఉన్నారు. నేను పొద్దున్నే ట్రైన్ పట్టుకుని మన్‌హాటన్ పోతే, పాప స్నానం, తిండి, నిద్ర అన్నీ ఆవిడ చేతి మీదే. ఇంటి బయట ఆవిడకున్న ప్రపంచమల్లా ఆదివారం తెలుగు చర్చి ఒక్కటే.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన నాడు వాగ్దానం కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లా పరిచిన కార్డుల్లోంచి ఎవరికి వాళ్లు ఒకటి తీసుకోవాలి. దాని మీద ఏ వాక్యం ఉంటే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. అత్తయ్య తన వాగ్దానాన్ని ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని, దాని వెనకే గ్రీన్ కార్డు దూర్చి హ్యాండ్‌బ్యాగ్‌లో దాచుకునేవారు. రెండూ ఇంచుమించు ఒకటే సైజు. “రెండూ పోగొట్టుకోకూడనివే గదమ్మా, ఒక్కచోట ఉంటే నాకు గుర్తుంటాయి” అనేవారు. నేను నవ్వి ఊరుకున్నాను గాని, వద్దని చెప్పలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక, ఎవరో కొత్తావిడ వెనక వరుసలో కూర్చుని ఏడుస్తోందట. అత్తయ్య వెళ్లి పక్కన కూర్చుని, ఆవిడ చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. కష్టంలో ఉన్నవాళ్లకు తన వాగ్దానం ఇచ్చేయడం అత్తయ్యకు అలవాటు. లేచేముందు కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. కవర్‌తో సహా.

ఆ సంగతి బయటపడింది టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉండే మా ఆడపడుచు కొత్తింటి ప్రార్థనకు బయల్దేరేముందు. ఎయిర్‌పోర్టులో చూపించడానికి కార్డు తీసిపెట్టమంటే, అత్తయ్య బ్యాగంతా మంచం మీద గుమ్మరించి, వెతికి వెతికి, ఉన్నట్టుండి నోటి మీద చెయ్యేసుకున్నారు.

“ఎవరికిచ్చారు? పేరేంటి?” అన్నాను.

“తెలీదమ్మాయ్.”

“పేరైనా అడగలేదా!”

“ఏడ్చే మనిషిని పట్టుకుని పేరేం అడుగుతామమ్మా?”

చర్చిలో అందరినీ వాకబు చేశాం. ఎవరింటికో చుట్టంగా వచ్చిన మనిషి అని ఒకరన్నారు. వెళ్లిపోయింది, ఏ ఊరో తెలియదని ఇంకొకరన్నారు. వాట్సాప్ గ్రూపులో పెడితే చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి, కార్డు మాత్రం రాలేదు. ఇక కొత్తదానికి అప్లై చేయక తప్పలేదు.

ఒక శనివారం లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అన్నీ నింపి ఆఖరి పేజీకి వస్తే ఫీజు నాలుగు వందల డాలర్ల పైచిలుకు చూపించింది. వేలిముద్రలకు తీసుకెళ్లాలంటే మళ్లీ నేను ఆఫీసుకు సెలవు పెట్టాలి. సర్రున కోపం వచ్చింది. అత్తయ్య అప్పుడే టీ పట్టుకొచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఒక్క కార్డు ముక్కకి ఇంత డబ్బు! దీనికి ఇంకొంచెం కలిపితే మీరు ఇండియా వెళ్లే టికెట్ వచ్చేది అత్తయ్యా. చక్కగా బూడిదలో పోశాం.”

“ఇక ఆపుతావా?” అన్నాడు మా ఆయన సోఫాలోంచి.

“నీకేం, ఎన్నైనా చెప్తావు. లీవ్ పెట్టి తిప్పేది నేను!”

అత్తయ్య టీ కప్పు బల్ల మీద పెట్టి, “నిజమేనమ్మా, నాకే బుద్ధి లేకపోయింది” అని పాప దగ్గరికి వెళ్లిపోయారు. నేను టీ తాగి డబ్బు కట్టేశాను. టీ బాగుందని కూడా చెప్పినట్టు గుర్తు.

వేలిముద్రల రోజున ఆవిడ వేలిముద్రలు మెషీన్‌లో పడలేదు. బతుకంతా అంట్లు తోమి, చేపలు తోమి గీతలు అరిగిపోయాయి. అక్కడి ఉద్యోగి ఓపికగా తుడిచి, నొక్కి, మళ్లీ ప్రయత్నిస్తున్నాడు. అత్తయ్య ప్రతిసారీ “సారీ సార్, సారీ సార్” అంటున్నారు. మధ్యలో నా వైపు తిరిగి, చిన్న గొంతుతో, “పడకపోతే మళ్లీ డబ్బు కట్టాలా అమ్మా?” అన్నారు. లేదత్తయ్యా అన్నాను. అప్పుడైనా నాకు వెలగాల్సింది. ఐసెలిన్‌లో ఇండియన్ కొట్లో కూరగాయల దగ్గర ఆవిడ బుట్టలో వేసుకున్న మునక్కాయలు తిరిగి పెట్టేసి, “ఫ్రిజ్‌లో కూరలున్నాయిగా” అన్నప్పుడైనా వెలగాల్సింది. ఆవిడకు మునక్కాయలంటే ప్రాణం.

ఎండాకాలం మొదట్లో, పాపకు అన్నం పెడుతూ, “అక్కకి గుండె ఆపరేషన్ చెయ్యాలంటున్నారంట” అన్నారు.

“అయ్యో, ఎప్పుడు?”

“వచ్చే నెల్లో అంట. ప్రభువున్నాడులే.”

ఆ అక్క ఎవరో నాకు తెలుసు. తల్లి పోతే అత్తయ్యను చంకనేసుకుని పెంచింది ఆవిడే. వెళ్తారా అని నేను అడగాలి. అడగలేదు. అడిగితే వెళ్తానంటారేమో, అప్పుడు పాప సంగతేంటి, డేకేర్‌లో సీటెక్కడ, ఇవే నా బుర్రలో తిరిగాయి. కార్డు లేకుండా వెళ్తే తిరిగి రావడం కష్టం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే కార్డు వచ్చింది. “ఈసారి మెళ్లో కట్టుకోండి” అని వేళాకోళమాడుతూ ఇచ్చాను. ఆవిడ నవ్వి లోపల పెట్టుకున్నారు. ఆపరేషన్ మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తనందుకు నాకు హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి.

మొన్న శనివారం పొద్దున నేను వంటింట్లో దోసెలు వేస్తున్నాను. హాల్లో అత్తయ్య అక్కగారితో వీడియో కాల్‌లో ఉన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెద్దావిడ గొంతు ఆయాసంగా వినిపిస్తోంది.

“కార్డు వచ్చిందా చెల్లే?”

“ఇంకా రాలేదక్కా. గవర్నమెంటోళ్ల పని గదా, లేటవుద్దంట.”

నా చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. మా అత్తయ్య అబద్ధం ఆడరు. నాకు ఇష్టంలేని ఫోన్ వస్తే, స్నానంలో ఉందని చెప్పండి అత్తయ్యా అంటే, “ముందు పోయి నీళ్లు పోసుకో, అప్పుడు చెప్తా” అనే మనిషి. ఆ మనిషి కన్నతల్లి లాంటి అక్కతో, ఆపరేషన్‌కి ముందు, ఇంత తేలిగ్గా అబద్ధం ఆడుతున్నారు. ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. టికెట్ డబ్బు తన చేతులారా తగలేశానని ఆవిడ నమ్ముతున్నారు. నమ్మించింది నేను.

స్టవ్ కట్టేసి గబగబా హాల్లోకి వెళ్లాను. అత్తయ్య పక్కన కూర్చుని ఫోన్ లాక్కున్నంత పని చేశాను.

“పెద్దత్తయ్యా, కార్డు వచ్చేసింది. ఎప్పుడో వచ్చింది. ఇవాళే టికెట్ బుక్ చేస్తాం, మీ ఆపరేషన్‌కి ముందే అత్తయ్య మీ దగ్గరుంటారు. తప్పంతా నాదే.”

తెర మీద పెద్దావిడ బాగా చిక్కిపోయారు. మాటలు కూడదీసుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పారు.

“దాన్ని ఏమీ అనకు తల్లీ. చిన్నప్పట్నుంచి దాని చేతిలో ఏదీ నిలవదు, ఎవరేడ్చినా ఇచ్చేస్తది. కార్డు పోయిందని ఎంత భయపడిందో. ఇప్పుడీ అబద్ధం సంగతి పట్టుకుని కూడా ఏమీ అనకు. నా దగ్గరికి రాకపోయినా ఫర్వాలేదు.”

గుండె కోయించుకోబోయే మనిషి నన్ను బతిమాలుకుంటున్నారు. నేను అత్తయ్యను ఎలా చూస్తానో, ఎలాంటిదాన్నో అంత దూరాన ఉన్న ఆవిడకు తెలిసిపోయింది. “అననండీ” అన్నాను. ఏడుపొచ్చింది.

అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని, రెండో చేత్తో నా వీపు నిమురుతూ అక్కగారితో అన్నారు:

“నన్నెప్పుడన్నా ఒక్క మాట అన్నదా అక్కా? నా కోడలు బంగారం.”

ఆ పూట ఆవిడ ఆడిన రెండో అబద్ధం అది.