నూనె పొయ్యని పిండి

మా హొగ్లా ఉత్త పిరికిది. మేక తుమ్మినా ఉలిక్కిపడేది. భర్త పోయాక ఊళ్ళో మోతుబరి శోబాలు ఇంట్లో పిండి విసిరి పొట్ట పోసుకునేది, నాతోపాటే.

బార్లీ కోతలప్పుడు పొరుగాయన ఎద్దు పోయింది. దాన్ని కొండవైపు తోలుకెళ్ళింది శోబాలు కొడుకే. బావి దగ్గరనుంచి మేమిద్దరం కళ్ళారా చూశాం. నేరం మాత్రం గొర్రెలు కాసే యామీను మీద పడింది. ఊరి వాకిట్లో పెద్దలు, "చూసినవాళ్ళు చెప్పండి, దాచినవాళ్ళకి దేవుడి శాపం తగులుతుంది" అని ఒట్టు పెట్టి మరీ అడిగారు. ఆ పెద్దల్లో శోబాలు కూడా కూర్చున్నాడు. మేం నోరు మెదపలేదు. నష్టం కట్టలేక యామీను దాసుడిగా అమ్ముడుపోయాడు.

ఆ రోజునుంచి హొగ్లాకి తిండి సయించలేదు. పండక్కి షిలోహు గుడికి వెళ్ళినప్పుడు ఆమె గిన్నెలోకి తొంగి చూశాను. అందులో పొడి పిండి. సంతోషంగా ఇచ్చే నైవేద్యమైతే నూనె పోస్తారు. పొడిగా తెచ్చారంటే పాపం చేశారని వరసలో ప్రతివాడికీ తెలిసిపోతుంది. మా వెనకే బలిసిన పొట్టేలుతో శోబాలు నిలబడ్డాడు.

"ఏమే హొగ్లా, చారెడు నూనెకి కూడా గతిలేదా? మా ఇంట్లో అడక్కపోయావా?" అని నవ్వాడు.

"నూనె ఉంది మావా. పాపానికి పొయ్యకూడదుగా."

శోబాలు నవ్వు ఆగిపోయింది. నేను ఆమె చెయ్యి గిల్లాను. "నోర్ముయ్యవే, ఇద్దరం చస్తాం!"

"ఏం పాపం తల్లీ?" అని యాజకుడు అడిగాడు.

"చూసింది చెప్పలేదయ్యా."

ఆయన పిడికెడు పిండి మంటలో వేశాడు. "దేవుడు నిన్ను క్షమించాడు. ఇక వెళ్ళి చెప్పాల్సినచోట చెప్పు."

"క్షమించాడుగా, ఇంక ఊరుకోవే" అని దారిపొడుగునా బతిమాలాను. నాకంత భయం.

"యామీనుని వదల్లేదు కదే" అంది.

మర్నాడు పొద్దున్నే ఊరి వాకిట్లో నిలబడింది. మొత్తం చెప్పేసింది. శోబాలు మొహం మాడిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశావ్?" అని గద్దించాడు.

"భయమేసింది మావా. ఇప్పుడూ వేస్తోంది."

అందరికన్నా పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. "ఒక్క సాక్షి మాట చెల్లదమ్మా. నీతోపాటు ఇంకెవరైనా చూశారా?"

హొగ్లా నా పేరు చెప్పలేదు. నావైపు తిరగను కూడా లేదు, నేల చూస్తూ నిలబడింది. శోబాలు ఇంట్లో పని పోతే నా పిల్లలకి రొట్టె ఎక్కడిది? అతని కొడుకులు ఏ సందులోనో కాపేస్తే నన్నెవరు కాపాడతారు?

"నేనూ చూశాను పెద్దయ్యా" అన్నాను. మాట సరిగ్గా పైకి రాలేదు, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.